4016 కొడితే దొండకాయ: ఒక కూరగాయల విభాగంలో పీఎల్‌యూ కోడ్‌ల (పండ్ల స్టిక్కర్ నంబర్ల) గందరగోళం, దాన్ని సరిచేసిన తీరు

హైదరాబాద్‌లో మూడు శాఖలున్న కిరాణా, కూరగాయల సూపర్‌మార్కెట్ ఇది. ఒక్కో శాఖలో కూరగాయల దగ్గర లేబుల్ కొట్టే ఎలక్ట్రానిక్ కాటాలు రెండు, బిల్లింగ్ కౌంటర్లు నాలుగు. కూరగాయలు బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి, పండ్లు బాటసింగారం మార్కెట్ నుంచి తెల్లవారకముందే దిగుతాయి. స్టిక్కర్ అంటించిన విదేశీ యాపిల్, కివీ, అవకాడో పెట్టెలు వేరే సరఫరాదారు తెస్తాడు.

యాజమాన్యం మాకు చెప్పిన ఇబ్బంది ఒక్కటే: నెలాఖరు లెక్కలో పండ్లు, కూరగాయల స్టాకు ఎప్పుడూ కుదరడం లేదు. యాపిల్ పుస్తకంలో ఉంటుంది, ట్రేలో ఉండదు. దొండకాయ ట్రేలో ఉంటుంది, పుస్తకంలో మైనస్ చూపిస్తుంది. ఏ నెల లోటు ఆ నెల ‘తరుగు’ కింద రాసి ఖాతా మూసేస్తున్నారు.

తరుగు అనే మాట దగ్గరే ఆగాల్సి వచ్చింది. ఆకుకూర వాడుతుంది, టమాటా కారుతుంది, ఉల్లి ఎండి పొట్టు రాలుతుంది. ఇవన్నీ బరువు తగ్గించేవే. కొన్న దానికంటే ఎక్కువ అమ్మినట్టు ఏ తరుగూ చూపించలేదు. మైనస్ స్టాకు కనబడితే రెండే కారణాలు: కొనుగోలు చీటీ ఎక్కించడం మర్చిపోవాలి, లేదా ఒక సరుకు ఇంకో సరుకు నంబరు మీద బిల్లు అయి ఉండాలి. చీటీలు సరిచూస్తే మొదటి కారణం తేలిపోతుంది. ఇక్కడ చీటీలు సరిగానే ఉన్నాయి.

జంటలు పట్టుకోవడం

ఒక శాఖలో వారం రోజులు లెక్క పెట్టాలని నిర్ణయించాం. రాత్రి మూశాక మిగిలిన సరుకు ఐటమ్ వారీగా తూచి రాయాలి. పారేసిన సరుకు చెత్తలోకి వెళ్లే ముందు విడిగా తూచాలి. పొద్దున ఉన్నది, కొన్నది కలిపి, అందులోంచి బిల్లుల్లో అమ్మినది, పారేసినది తీసేస్తే ఎంత ఉండాలో వస్తుంది. దానికీ తూచిన బరువుకీ తేడా ఒక కాగితం మీదకు ఎక్కించి, లోటు వచ్చినవి ఒక పక్క, మిగులు వచ్చినవి మరో పక్క రాయాలి.

ఈ కాగితం ఎదురుగా పెట్టుకుంటే జంటలు వాటంతటవే కనబడతాయి. వాషింగ్టన్ యాపిల్ ఎన్ని కిలోలు తగ్గిందో దాదాపు అన్ని కిలోలు దొండకాయ మిగిలింది. పసుపుపచ్చ అరటిపండు లోటుకు జంట కాకరకాయ మిగులు. గోంగూర లోటుకు జంట పుంటికూర. కొత్తిమీరకు మాత్రం జంట లేదు. కట్టలు పోతున్నాయి, అమ్మకం మాత్రం సున్నాకు దగ్గరగా ఉంది. ఒక్కో జంట వెనక ఒక్కో రకం తప్పు ఉంది. అన్నిటికీ ఒకే మందు వేస్తే ఒక్కటీ నయం కాదు.

యాపిల్, దొండకాయ

సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు కూరగాయల విభాగానికి 4 అని నంబరిచ్చి, ఐటమ్‌లన్నీ 4001 నుంచి వరుసగా ఎక్కించారు. అలా పదకొండోది కాకరకాయ 4011 అయింది, పదహారోది దొండకాయ 4016 అయింది. స్టిక్కర్ల పండ్లు అమ్మనంతకాలం దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు.

పండు మీద స్టిక్కర్‌లో ఉండే నాలుగంకెల సంఖ్య పీఎల్‌యూ కోడ్, అంటే ధర వెతుక్కునే నంబరు. 1990 నుంచి సూపర్‌మార్కెట్లలో వాడుకలో ఉంది. 2001లో ఏర్పడిన ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఫర్ ప్రొడ్యూస్ స్టాండర్డ్స్ ఈ జాబితాను నిర్వహిస్తోంది. నాలుగంకెల కోడ్‌లు 3000 నుంచి 4999 లోపే ఇస్తారు. 4011 అంటే పసుపుపచ్చగా పండిన మామూలు అరటి. 4016 అంటే పెద్ద సైజు రెడ్ డెలీషియస్ యాపిల్, అదే చిన్న సైజయితే 4015. 4030 కివీ. ఇందులో ధర ఉండదు, దేశం ఉండదు, తోట పేరు ఉండదు. ఏ పండు, ఏ రకం, కొన్నిటికి ఏ సైజు అన్నంత వరకే.

కౌంటర్లో జరిగేది ఇది. కవర్‌లో యాపిల్ ఉంది, లేబుల్ లేదు. క్యాషియర్ పండు తిప్పి స్టిక్కర్ చూసి 4016 కొడతాడు. తెర మీద దొండకాయ పేరు, దొండకాయ రేటు. వెనక వరుస పెరుగుతోంది, పేరు చదివే తీరిక లేదు, మొత్తం చదివి డబ్బు తీసుకుంటాడు. వేరే సూపర్‌మార్కెట్లో పనిచేసి వచ్చిన వాళ్లకయితే స్టిక్కర్ చూసే పని కూడా లేదు, అరటిపండుకు 4011 చేతికి వచ్చేస్తుంది. పని బాగా నేర్చుకున్న మనిషి ఇక్కడ ఎక్కువ నష్టం తెచ్చాడు. తప్పు అతనిది కాదు, అంతర్జాతీయ నంబర్ల మీద సొంత నంబర్లు ఎక్కించిన ఐటమ్ మాస్టర్‌ది, అంటే సాఫ్ట్‌వేర్‌లోని సరుకుల జాబితాది.

యాపిల్ కిలో 220, దొండకాయ కిలో 60 అనుకుందాం. 4016 మీద పోయిన ప్రతి కిలోకూ 160 రూపాయలు గల్లాలోకి రాలేదు. తరుగు పద్దు ఇన్నాళ్లూ మోసింది ఈ తేడానే.

సొంత నంబర్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

అంతర్జాతీయ జాబితా మొత్తం మాస్టర్‌లోకి ఎక్కించేద్దామని సాఫ్ట్‌వేర్ వాళ్లు అన్నారు. అందులో 1,400కు పైగా కోడ్‌లున్నాయి. ఈ సలహా తీసుకోకపోవడానికి బలమైన కారణం ఉంది: పీఎల్‌యూలో చెక్ డిజిట్, అంటే తప్పు కొడితే పట్టించే అదనపు అంకె, లేదు. అంకెలు తారుమారైతే అది ఇంకో సరుకు నంబరు అయిపోవచ్చు. 4046 చిన్న సైజు హాస్ అవకాడో, 4064 పెద్ద ఎర్ర టమాటా. చివరి రెండంకెలు అటూఇటూ అయితే అవకాడో టమాటా ధరకు వెళ్లిపోతుంది. 4016 తిరగబడి 4061 అయితే ఐస్‌బర్గ్ లెట్యూస్. అమ్మని సరుకు నంబర్లు మాస్టర్‌లో పెట్టుకోవడమంటే తప్పు కొట్టిన ప్రతిసారీ ఏదో ఒక జవాబు దొరికేలా చేసుకోవడమే. తప్పు నంబరుకు ‘ఐటమ్ లేదు’ అని తెర మీద రావాలి.

అందుకని స్టిక్కర్‌తో వచ్చే పండ్లకు మాత్రమే, అదీ నిజంగా అమ్మేవాటికే, అంతర్జాతీయ నంబరు ఉన్నదున్నట్టు ఉంచాం: రెడ్ డెలీషియస్ 4015, 4016, గ్రానీ స్మిత్ 4017, రాయల్ గాలా 4173, 4174, ఫ్యూజీ 4129, 4131, కివీ 4030, హాస్ అవకాడో 4046, 4225, ఎర్ర గింజలేని ద్రాక్ష 4023. అరటిలో కావెండిష్ జాతికి, అంటే మన గ్రాండ్ నైన్‌కు, 4011. ఇవి కాక మిగతావన్నీ 1000 నుంచి 2999 లోపల. 1తో మొదలైతే కూరగాయ లేదా ఆకుకూర, 2తో మొదలైతే పండు. ఆ తర్వాత అంకెలకు ఏ అర్థమూ లేదు. రెండో అంకె సీజను, మూడో అంకె సరఫరాదారు అంటూ అర్థాలు నింపితే ఏడాది తిరిగేసరికి చోటు చాలదు, నంబర్లు మార్చాల్సి వస్తుంది.

ఈ 2000 నంబర్లలో అన్నీ వాడలేదు. మొదటి అంకెను 4తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని 2తో, నాలుగోదాన్ని 1తో గుణించి కూడితే వచ్చే మొత్తం 11తో శేషం లేకుండా పోవాలి. అలా పోయేవాటినే తీసుకున్నాం. 1058 చూడండి: 4, 0, 10, 8 కలిపితే 22, సరిపోయింది. అదే 1085 అని తిప్పి కొడితే 4, 0, 16, 5 కలిసి 25, అది జాబితాలో లేదు. 1068 అని ఒక అంకె తప్పితే 24, అదీ లేదు. ఈ లెక్కకు నిలిచిన రెండు నంబర్ల మధ్య ఒక్క అంకె తేడా ఎప్పుడూ రాదు, రెండంకెలు అటూఇటూ మార్చి కొట్టినా ఇంకో చెల్లే నంబరు రాదు. బిల్లింగ్ సిస్టమ్‌కు ఈ లెక్క నేర్పనక్కర్లేదు. చెల్లని నంబర్లు మాస్టర్‌లోనే లేవు కాబట్టి అది తనంతట తానే ఆగిపోతుంది. 1000, 2999 మధ్య ఇలా చెల్లేవి సరిగ్గా 182. ఈ సైజు దుకాణానికి చాలు.

ఒక చిన్న రంధ్రం మిగిలింది. కీబోర్డులో పక్కనుండే అంకెల మీటల్లో 1కి సరిగ్గా పైన 4 ఉంటుంది. 1015 కొట్టబోయి వేలు పైకి పోతే 4015, అది చిన్న యాపిల్. 1023కు బదులు 4023 పడితే ద్రాక్ష. అందుకని 4తో మొదలయ్యే జంట నంబరు వాడుకలో ఉన్న 1015, 1023 లాంటివి ఖాళీగా వదిలేశాం. ఇప్పుడు దొండకాయ 1058, కాకరకాయ 1104, హైబ్రిడ్ టమాటా 1007, నాటు టమాటా 1139, కొత్తిమీర 1031, గోంగూర 1120.

కొత్తిమీర కట్ట, మూడు పైసలు

కొత్తిమీర సంగతి లేబుల్‌లో ఉంది. కాటా కొట్టే లేబుల్ 13 అంకెల ఈఏఎన్ బార్‌కోడ్. 20 నుంచి 29 వరకు మొదలయ్యే నంబర్లను దుకాణాల సొంత వాడకానికి, బార్‌కోడ్ ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ జీఎస్1 వదిలిపెట్టింది, అవి ఆ దుకాణం గోడలు దాటితే చెల్లవు. కాటా కట్టే నంబరు ఇలా ఉంటుంది: మొదట రెండంకెలు ముందువరుస, తర్వాత ఐదంకెలు ఐటమ్ నంబరు, తర్వాత ఐదంకెలు బరువు, చివరిది చెక్ డిజిట్. 1.235 కిలోల దొండకాయకు 21 01058 01235, చివర 4. ఎడమ నుంచి అంకెలను ఒకసారి 1తో, ఒకసారి 3తో గుణించుకుంటూ పోతే మొత్తం 56. దాన్ని 60 చేయడానికి 4 కావాలి, అదే చెక్ డిజిట్.

ఐదంకెల గడిలో 01235 ఉంటే 1.235 కిలోలని బిల్లింగ్ సిస్టమ్‌కు ఎవరో చెప్పాలి, అంటే 1000తో భాగించమని సెట్ చేయాలి. ఇక్కడ అది సరిగానే ఉంది. కొత్తిమీర మాత్రం తూచరు, కట్టల లెక్కన అమ్ముతారు. రెండు కట్టలకు కాటా ఆ గడిలో 00002 రాసింది. బిల్లింగ్ దాన్నీ 1000తో భాగించింది: 0.002 కట్ట. కట్ట 15 రూపాయలయితే బిల్లులో మూడు పైసలు, మొత్తం రూపాయికి సవరించేసరికి అదీ లేదు. రెండు రకాల కొలత ఒకే ముందువరుసలో నడిపినందుకు వచ్చిన తిప్పలివి.

తూచేవాటికి 21, లెక్కపెట్టేవాటికి 22 అని విడదీశాం. 22తో మొదలైతే భాగించకూడదు. రెండు కొత్తిమీర కట్టలకు ఇప్పుడు 22 01031 00002, చివర 3. కొత్తిమీర, పుదీనా, గోంగూర కట్టలు, కొబ్బరికాయ, మొక్కజొన్న పొత్తు, సొరకాయ ఈ వరుసలోకి వచ్చాయి. సొరకాయ కొన్ని దుకాణాల్లో కిలో లెక్క, కొన్ని చోట్ల కాయ లెక్క. ఏదైనా ఒకటే పెట్టాలి. రెండూ నడిపితే స్టాకు ఏ కొలతలో ఉందో ఎవరికీ తెలియదు.

చక్కెరకేళి డజను లెక్క. డజను 70 రూపాయలయితే పండుకు 5.83, పన్నెండు కలిపితే 69.96. కొనేవాళ్లకు చెప్పిన ధర వేరు, బిల్లు వేరు. అందుకని అర డజను ఒక యూనిట్‌గా పెట్టి 35 రూపాయలు ధర కట్టాం. డజను కావాలంటే గడిలో 00002.

మూడో శాఖలో ఇంకో తేడా ఉంది. అక్కడి కాటా బరువుకు బదులు ధరను బార్‌కోడ్‌లోకి ఎక్కిస్తోంది. ఐదంకెల్లో పైసలతో సహా ధర అంటే 999.99కి మించి పట్టదు. కిలో 900 రూపాయల చెర్రీలు 1.2 కిలోలు తూస్తే 1,080 రూపాయలు, అంటే 108000, ఆరంకెలు. కొన్ని కాటాలు ఇక్కడ ఎర్రర్ చూపి ఆగుతాయి. ఈ కాటా మొదటి అంకెను వదిలేసి 08000 కొట్టేది, అంటే 80 రూపాయలు. పండగ రోజుల్లో, మామిడి సీజన్లో పెద్ద తూకాలు ఎక్కువ కాబట్టి నష్టం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. బరువే ఎక్కించమని సెట్ చేస్తే ఐదంకెల్లో 99.999 కిలోలు పడతాయి. కౌంటర్ కాటాకు అంత బరువు ఎప్పుడూ రాదు.

బరువు ఎక్కించే పద్ధతిలో ఒక జాగ్రత్త తప్పదు. లేబుల్ కొట్టాక, బిల్లు కొట్టేలోపు రేటు పెరిగితే లేబుల్ మీద ఒక మొత్తం, బిల్లులో ఇంకో మొత్తం వస్తాయి. రేటు పెంచేది తెరవకముందే. సాయంత్రం తగ్గించడానికి అడ్డేమీ లేదు, తేడా కొనేవాళ్లకే లాభం. రూపాయికి సవరించడం కూడా బిల్లు చివర ఒక్కసారే చేయాలి. 1.235 కిలోలు 48 చొప్పున 59.28. దీన్ని కాటా ఒకసారి, బిల్లింగ్ ఒకసారి సవరిస్తే తగువులు వస్తాయి.

లేబుల్ వెడల్పు

లేబుల్ చదవడం లేదని క్యాషియర్లు చేత్తో నంబరు కొడుతుంటే పై పనంతా వృథా. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా చెబుతున్నాం. ఈ కాటాల్లో ప్రింటర్ మిల్లీమీటరుకు 8 చుక్కలు వేస్తుంది, అంటే ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటర్లు. ఈఏఎన్ బార్‌కోడ్‌లో అతి సన్నని గీత అసలు కొలత 0.33, తగ్గించినా 0.264 కంటే తగ్గకూడదు. రెండు చుక్కల గీత 0.25, హద్దు దాటిపోయింది. మూడు చుక్కల గీత 0.375, హాయిగా చదువుతుంది. గీతలు, రెండు వైపులా ఉండాల్సిన ఖాళీ కలిపి, ఒక్కో గడి అతి సన్నని గీత వెడల్పున, 113 గడులు. మూడు చుక్కల చొప్పున 42.4 మిల్లీమీటర్లు. వాళ్ల లేబుల్ రోలు 40 మిల్లీమీటర్లది. కాటా దానంతటదే రెండు చుక్కలకు కుదించుకుంటోంది. పొడి కవర్ మీద ఎలాగో చదువుతోంది, మంచు పట్టిన ఆకుకూర కవర్ మీద చదవడం లేదు.

50 మిల్లీమీటర్ల రోలుకు మారి, మూడు చుక్కల సెట్టింగ్ పెట్టాం. లేబుల్‌ను కవర్ ముడి మీద కాకుండా చదునైన చోట అంటించమని కాటా దగ్గరి వాళ్లకు చెప్పాం. ముడతలో పడిన బార్‌కోడ్‌ను ఏ స్కానరూ చదవదు.

పుంటికూరా, గోంగూరా

ఈ జంట పేర్ల నుంచి వచ్చింది. తెలంగాణలో పుంటికూర, కోస్తాలో గోంగూర. కొనుగోలు చీటీ రాసే మనిషి గోంగూర అని ఎక్కించాడు, కాటా దగ్గరి అమ్మాయి పుంటికూర మీట నొక్కింది. రెండింటికీ విడి నంబర్లున్నాయి, రెండు పేర్లు ఒకే ఆకువి. సొరకాయ, ఆనపకాయ; ఆలుగడ్డ, బంగాళాదుంప; గోరుచిక్కుడు, గోకరకాయ; ఇవన్నీ మాస్టర్‌లో రెండేసి సార్లు ఉన్నాయి. రెండో నంబరు తీసేసి, రెండో పేరును వెతుకుడు పేరుగా కలిపాం. ఏ పేరుతో వెతికినా అదే నంబరు వస్తుంది. నంబరు ఒకటే ఉండాలి, పేర్లు ఎన్నయినా ఉండొచ్చు. అమ్మే చోట ప్రాంతం పేర్లు కాదని పుస్తకం పేరు రుద్దితే జనం వెతకడం మానేసి గుర్తున్న నంబరేదో కొడతారు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. తెల్ల గోంగూర, ఎర్ర గోంగూర ఒకే నంబరు మీద ఉన్నాయి, రేట్లు మాత్రం వేరు. విడి నంబరు ఎప్పుడివ్వాలన్న దానికి పెట్టుకున్న నియమం ఇది: కొన్న ధర వేరైనా, అమ్మే ధర వేరైనా, కొలత వేరైనా, లేదా కొనేవాళ్లు పేరు పెట్టి అడిగేదైనా నంబరు విడిగా ఉండాలి. నాలుగింటిలో ఒక్కటీ లేకపోతే ఒక్క నంబరు చాలు.

సైజు సంగతి ఈ నియమంతోనే తేలింది. విదేశీ యాపిల్ పెట్టె సుమారు 18 కిలోలు. పెట్టె మీద 88 అని ఉంటే అందులో 88 పండ్లు, పండు 206 గ్రాముల దాకా. 113 అని ఉంటే 160 గ్రాములు. రెండు పెట్టెలకు కొనుగోలు ధర వేరు కాబట్టి రెండు సైజులు విడిగా అమ్మే శాఖలో 4015, 4016 రెండూ ఉంచాం. ఒకే రేటుకు కలిపి పోసే శాఖలో రెండు నంబర్లనూ ఒకే స్టాకుకు కట్టాం. కశ్మీరు యాపిల్‌కు చాలాసార్లు స్టిక్కరే ఉండదు, ఉన్నా వ్యాపారి బొమ్మ తప్ప నంబరు ఉండదు. దానికి 2తో మొదలయ్యే సొంత నంబరు.

కాటా తెర మీద మీటల వరుస కూడా మార్చాం. కీరదోస, దోసకాయ పక్కపక్కన ఉండేవి, నాటు, హైబ్రిడ్ టమాటాలూ అంతే. ఒకదానితో ఒకటి పొరబడే సరుకులకు తెరకు చెరో కొసన చోటిచ్చాం.

తొమ్మిది, ఎనిమిది

ఆర్గానిక్ పండుకు అదే నంబరు ముందు 9 చేరుతుంది: 94011 ఆర్గానిక్ అరటి. ఈ కాటాల్లో ఒక మోడల్ నాలుగంకెలే తీసుకుంటుంది. 94011 కొడితే చివరి నాలుగంకెలు మిగిలి 4011 అవుతుంది, మామూలు ధర పడుతుంది. ఆ మోడల్ ఉన్న శాఖలో ఆర్గానిక్‌కు 2 వరుసలో విడి నంబరు ఇచ్చి, కవర్ రంగు మార్చాం. 9 ఉన్నంత మాత్రాన మన దేశంలో ఆర్గానిక్ అని అమ్మకూడదు. 2017 ఆహార భద్రత నిబంధనల ప్రకారం ధ్రువీకరణ కావాలి, జైవిక్ భారత్ గుర్తు చూసుకోవాలి.

8తో మొదలైతే జన్యుమార్పిడి పండు అని వాట్సాప్‌లో తిరిగే మాటను కొనేవాళ్లు కౌంటర్ దగ్గర అడుగుతుంటారు. 8ని ఒకప్పుడు ఆ పనికి పక్కన పెట్టిన మాట నిజమే, దుకాణాల్లో మాత్రం ఆ విధంగా వాడుకలోకి రాలేదు. ఆ తర్వాత ఆ అర్థం తీసేశారు. నాలుగంకెల నంబర్లు సరిపోక 83000 నుంచి 84999 వరకు మామూలు పండ్లకే కేటాయించారు. 4 అంటే మందులు కొట్టినది, 3 అంటే రేడియేషన్ పెట్టినది అన్నవాటికి ఏ ఆధారమూ లేదు. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద 2010 ఫిబ్రవరిలో మారటోరియం, అంటే తాత్కాలిక నిలుపుదల, వచ్చింది. ఆ భయంతో స్టిక్కర్ చదివే మనిషికి ఈ నాలుగు మాటలు ఓపికగా చెప్పగలిగేలా క్యాషియర్లకు నేర్పించాం. తినే పండు గురించి అడిగేవాళ్లకు సరైన జవాబు దొరకాలి.

కొన్ని స్టిక్కర్ల మీద నంబరు పక్కన చిన్న బార్‌కోడ్ ఉంటుంది, అది జీఎస్1 డేటాబార్. అందులో 14 అంకెల జీటిన్, అంటే సరుకును గుర్తించే అంతర్జాతీయ నంబరు, ఉంటుంది, పండు ప్యాక్ చేసిన సంస్థ ఎవరో దాన్ని బట్టి తెలుస్తుంది. స్కానర్లలో ఈ రకం చదవడం ఆపేసి ఉంది. మాన్యువల్‌లో ఉన్న సెట్టింగ్ బార్‌కోడ్ స్కాన్ చేసి తెరిచాం. ఒకే రాయల్ గాలాకు ఐదుగురు ప్యాకర్ల జీటిన్‌లు రావచ్చు, ఐదింటినీ ఒకే ఐటమ్‌కు కట్టాలి. స్కాన్ చేసినా బరువు కాటా నుంచే రావాలి. కొత్త స్కానర్లు కొనేటప్పుడు గీతలే కాక చదరపు 2డి కోడ్‌లు కూడా చదివేవి తీసుకోవాలి. 2027 చివరికల్లా దుకాణాలు వాటిని చదవగలగాలని జీఎస్1 లక్ష్యం పెట్టుకుంది.

హెచ్‌ఎస్‌ఎన్ నంబరును దీనితో కలపకూడదు. అది పన్ను కోసం. కూరగాయలు 07, పండ్లు 08తో మొదలవుతాయి. ఎక్సెల్‌లో ముందున్న సున్నా పోయి 0808 కాస్తా 808 అవుతుంది. మాస్టర్ ఫైలులో ఆ గడులన్నీ టెక్స్ట్‌గా మార్చాకే ఎక్కించాలి. 13 అంకెల బార్‌కోడ్ కూడా ఎక్సెల్‌లో 2.1E+12 లాంటి ఘాతాంక రూపంలోకి మారి చివరి అంకెలు కనబడకుండా పోతాయి.

మార్చిన రాత్రి

ఇలాంటి మార్పులో పెద్ద ప్రమాదం పాత లేబుల్‌లు. సాయంత్రం 4016 మీద కట్టి ట్రేలో పెట్టిన దొండకాయ కవరు పొద్దున యాపిల్ ధరకు బిల్లు అవుతుంది. అందుకే ముందువరుస మార్చాం. పాత లేబుల్‌లు 20తో మొదలయ్యేవి, కొత్తవి 21, 22. మారిన క్షణం నుంచి 20ని బిల్లింగ్ తిరస్కరిస్తుంది. పాత కవరు కౌంటర్‌కు వస్తే ‘మళ్లీ తూచండి’ అని వస్తుంది, తప్పు ధర మాత్రం పడదు. పాత ఐటమ్ పద్దులు తొలగించలేదు, అమ్మకానికి ఆపేసి చరిత్రలో ఉంచాం. తొలగిస్తే నిరుటి దొండకాయ అమ్మకాలు యాపిల్ కింద కనబడతాయి.

మూడు శాఖలూ ఒకే రాత్రి మారాలి. శాఖల మధ్య సరుకు తిరుగుతుంటే రెండు రకాల లేబుల్‌లు కలిసిపోతాయి. తెరవకముందు ప్రతి కాటా మీద ఇవి తూచి, లేబుల్ కొట్టి, నాలుగు కౌంటర్లలోనూ స్కాన్ చేశారు: 50 గ్రాముల అల్లం, సరిగ్గా ఒక కిలో ఉల్లి, 9.995 కిలోల టమాటా, ఒక కట్ట కొత్తిమీర, పన్నెండు కట్టల కొత్తిమీర, ఒక డజను చక్కెరకేళి. ఒక శాఖలో కవరు బరువు తగ్గింపు దొండకాయకు బదులు స్ట్రాబెర్రీ డబ్బాది పడింది, ఆ పరీక్షలోనే బయటపడింది. కవరు బరువు ఐటమ్ నంబరుకే కట్టి ఉంటుంది కాబట్టి నంబర్లు మార్చినప్పుడు దాన్ని కూడా వరుసగా చూసుకోవాలి.

మారాక మళ్లీ వారం లెక్క పెట్టారు. యాపిల్, దొండకాయ జంట పోయింది, కొత్తిమీర అమ్మకం కట్టల్లో కనబడింది. అరటి మాత్రం పూర్తిగా కుదరలేదు. కర్పూరం, అమృతపాణి, చక్కెరకేళి గెలలు పక్కపక్కన వేలాడుతుంటే క్యాషియర్ల చేతికి 4011 ఇంకా వచ్చేస్తూనే ఉంది. ఆ మూడింటినీ కాటా దగ్గరే లేబుల్ వేయించి, లేబుల్ లేని అరటి కౌంటర్‌కు రాకుండా చేయడం ప్రస్తుతం నడుస్తున్న పని.

మామిడి రకాలకు నంబర్లు సీజను ముందే ఇచ్చేశాం: బంగినపల్లికి 2100, రసాలకు 2054, హిమాయత్, తోతాపురి, కేసర్ దేనికది విడిగా. జూలై దాటాక వాటిని నిద్రపుచ్చుతారు, ఇంకే పండుకూ ఇవ్వరు. వచ్చే వేసవిలో మొదటి బుట్ట దిగేసరికి 2100 కొడితే బంగినపల్లే రావాలి. నిరుడు ఏప్రిల్‌లో ఏ వారం ఎన్ని కిలోలు పోయిందో చూసి బాటసింగారంలో బేరం పెట్టుకునేది ఆ నంబరు కింది లెక్క చూసే.